కుడివైపు చక్రం, ఎడమవైపు డబ్బా

డాక్టరు గారు నా రిపోర్టులు చూసి, కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసి, "ఇంక బరువులు ఎత్తాలండి మీరు" అన్నారు. అప్పటికే నేను నా ఒంటిని రెండు అంతస్తుల మెట్ల మీదుగా ఆయన గది దాకా ఎత్తుకొచ్చి ఉన్నాను. అంతకు మించిన బరువు అమలాపురం మొత్తం మీద ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తూ, ఎక్కించినంత కష్టపడి దాన్ని కిందికి దింపుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ నన్నొక ఏసీ జిమ్ము ముందు దింపి, నేను పారిపోకుండా తలుపు నా వెనక మూసుకునేదాకా నిలబడి మరీ వెళ్లింది. లోపల చలికి చేపలు వారం రోజులు నిలవుంటాయి. ఒక్కో కండకీ ఒక్కో యంత్రం ఉంది. నా ఒంట్లో ఉన్నట్టు నాకే తెలియని కండలకి కూడా విడివిడిగా ఉన్నాయి. గోడ పొడవునా ఇనప గుళ్లు, చిన్నవాటి దగ్గర్నుంచి పెద్దవాటి దాకా, పెళ్లిభోజనాల బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి. మా అబ్బాయి వయసైనా లేని ట్రైనరు వచ్చి, "అంకుల్, ఇదివరకెప్పుడైనా చేసేరా అండి?" అని అడిగాడు.

"చేశాను బాబూ."

"ఎక్కడండి?"

ఎక్కడని చెప్పను. చెప్పే ముందు కాస్త కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. ఆ రోజుకి అదే నా వ్యాయామం.

మాది రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవుకి పోయే దారిలో కాలవ గట్టు ఊరు. ఆ గట్టు మీద కొబ్బరి పీచు నిలవ చేసే పాత రేకుల కొట్టు ఒకటుండేది. పీచు వ్యాపారం మూతబడ్డాక దాన్ని వ్యాయామశాల చేశారు. చేశారంటే, పీచు బయటికి తీసి మమ్మల్ని లోపలికి తోశారు. కొట్టుకి మాత్రం ఆ తేడా తెలిసినట్టు లేదు. పీచు కోసం కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల కుళ్లు వాసన, దాని మీద తుప్పు వాసన, దాని మీద మేం రాసుకునే నువ్వుల నూనె, ఆ పైన మా చెమట. పక్కన కట్టేసిన గేదె మేం బయటికి రాగానే మొహం తిప్పుకునేది. గేదె మొహం తిప్పుకుందంటే మా పరిస్థితి మీరే ఊహించుకోండి.

సామానంతా మా ఊరిదే. కొబ్బరిచిప్పల్లో సిమెంటు పోసి, మధ్యలో సరుగుడు కర్ర గుచ్చితే డంబెల్సు. రెండు కొబ్బరిచెట్ల మధ్య గొట్టం కడితే పుల్లప్సు. సముద్రం గాలి లేచినప్పుడు చెట్లు రెండూ చెరో వైపు ఊగేవి. పైకి వెళ్లాల్సినవాడు పక్కకి వెళ్లేవాడు. మా జట్టులో ఒకడు గొట్టం పట్టుకుని వేలాడుతూ వేలాడుతూ పక్క పంచాయతీలోకి వెళ్లి వచ్చాడని చెప్పుకునేవాళ్లం. బస్కీలకి భుజాల మీద కొబ్బరికాయల గోతాం. దండీలకి నేల. నేల మాత్రం లోటు లేకుండా ఉండేది.

ఇక రాడ్డు. అది మూతబడిన రైసుమిల్లులోంచి వచ్చిన ఇనప కమ్మి. ఒక చివర మిల్లు చక్రం, తుప్పు పట్టి కమ్మితో కలిసిపోయింది. దాన్ని విడదీయడానికి ఊళ్లో ఉన్న సుత్తులన్నీ ప్రయత్నించి విరమించుకున్నాయి. రెండో చివర రంగు డబ్బాలో సిమెంటు పోసి బిగించారు. డబ్బా కన్నా చక్రం ఎంత బరువంటే, ఎడమవైపు ఇంకో మనిషిని కూర్చోబెడితే గానీ రాడ్డు సమంగా లేచేది కాదు. మనిషంటే పెద్దమనిషి కాదు, మూడేళ్ల పిల్లాడు. ఆ పిల్లాణ్ని ఎవరూ ఇవ్వలేదు, మేం ఒరుగుతూనే ఎత్తేవాళ్లం. తలుపుకి ఎదురుగోడ మీద సైనుబోర్డు పెయింటరు వేసిన ఆంజనేయస్వామి. ఆయన ముందు మట్టినేల మీద రెండు చెక్క దిమ్మల పైన రాడ్డు. స్వామికి ఎదురుగా నిలబడి ఎత్తాలి. చక్రం ఎప్పుడూ కుడివైపే.

మాకు నేర్పే మాస్టారు పక్కూరి మిషను బళ్లో డ్రిల్లు మాస్టారు, ఆ ఊరి చర్చిలో పెద్ద. రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని ఆయన ప్రార్థన ఆయన చేసుకునేవారు. మేం స్వామికి దండం పెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత ఇద్దరు దేవుళ్లూ ఒకే రేకుల కింద ఉక్కపోత భరించేవారు. మాస్టారు మాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. అయినా పదిహేనేళ్ల నన్ను కూడా, "బాబూ, కాస్త వంగుతారాండి" అనేవారు. అంత మర్యాదగా అడిగితే నడుం విరిగినా వంగక తప్పదు.

ఆయన దగ్గర ఉన్న గొప్ప విద్య ఒకటే. ఇనుము తక్కువైన చోట ఓపిక పొయ్యాలనేవారు. "పైకి ఎత్తేటప్పుడు పది లెక్కెట్టండి. దించేటప్పుడు ఇరవై. మధ్యలో ఆపండి. ఆపి ఊపిరి తీసుకోండి. తొందరేం లేదండి, గోదారెక్కడికీ పోదు" అనేవారు. అలా ఎత్తితే కొబ్బరిచిప్ప కూడా కొండంత బరువు అవుతుంది. పదో లెక్కకి నాకు నక్షత్రాలు, పదిహేనో లెక్కకి మా తాతగారు కనిపించేవారు. ఇరవైకి తాతగారు పేరు పెట్టి పిలిచేవారు. వ్యాయామం అయ్యాక ఇత్తడి గిన్నెలో నానేసిన శనగలు, బెల్లం ముక్క. ఆ శనగలు తింటుంటే, మోకాళ్లు వణుకుతున్నా, రావులపాలెం అరటి లారీని ఒక్క చేత్తో ఆపెయ్యగలమనిపించేది.

ఓ ఏడాది గడిచేసరికి ఊళ్లో కుర్రాళ్లందరి కుడి భుజమూ పనసకాయ అయింది. ఎడమది బీరకాయగానే ఉండిపోయింది. దర్జీ చొక్కాలకి రెండు భుజాలకీ రెండు కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. సైకిళ్లు తొక్కుతుంటే వాటంతటవే కుడివైపు కాలవలోకి లాగేవి. ఎవరూ కిక్కురుమనలేదు. మా వైపు మనుషులు అంతే. కాలు తొక్కినవాడికి కూడా కాలు తీయమని చెప్పడానికి ముందు వాళ్లింట్లో అందరూ కులాసాయేనా అని అడుగుతారు.

ఈ కథలో నష్టపోయినవాడు మా బాబాయి.

నాన్నగారికి కొబ్బరికాయల కమ్మటం ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేలలో పాతిన గునపాల మీద కాయలు వలిచే చోటు. నాన్నగారు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన కుర్చీ కింద బతకడం బాబాయికి ఇష్టం లేదు. బాబాయికి కావలసింది కానిస్టేబులు ఉద్యోగం. జీతం కోసం కాదు, దర్జా కోసం కూడా కాదు. ఒక్కసారైనా అన్నగారి చూపు పడని చోట నిలబడాలని. పరుగులో బాబాయిని కుక్కలు కూడా అందుకోలేవు. పంటకాలవలన్నీ దూకి దూకి పెరిగినవాడికి లాంగ్‌జంపు ఒక లెక్క కాదు. రెండుసార్లు సెలెక్షనుకి వెళ్లి రెండుసార్లూ ఇనప గుండు విసరడం దగ్గరే తిరిగొచ్చాడు. ఇది మూడోసారి. వయసు లెక్కన ఇదే ఆఖరిసారి.

"ఈసారీ రాకపోతే వచ్చి గునపం పట్టుకో" అన్నారు నాన్నగారు, పేపరు మీంచి తలెత్తకుండా.

"ఆయ్" అన్నాడు బాబాయి.

బాబాయిది ఎడంచేతి వాటం. గుండు ఎడమచేత్తోనే విసరాలి. కుడిచేత్తో విసిరి చూశాడు. ఆ చేతికి ఏనుగు బలం ఉంది గానీ బొత్తిగా దారి తెలియదు. మొదటి విసురు కాలవలో పడింది, రెండోది గేదె నీళ్లతొట్టిలో. గుండంటే నిజం గుండు కాదు. పెద్ద కురిడీ కొబ్బరికాయకి చిన్న కన్నం పెట్టి, వలలకి కట్టే సీసం గుళ్లు నింపి, తారుతో మూసి నేనే తయారుచేశాను. ఆ సీసం గుళ్లు ఎక్కడివని ఎవరూ అడగలేదు. అప్పట్లో రేవులో ఒక వల వారం రోజులు నీళ్ల మీదే తేలిందని మాత్రం విన్నాను.

సెలెక్షను నలభై రోజులుందనగా, నాన్నగారి అమ్మ, మా మామ్మ, బాబాయికి నూనె రాస్తూ ఆగిపోయింది. మళ్లీ కుడి భుజం తడిమింది. మళ్లీ ఎడమది తడిమింది.

"ఇదేంట్రా, ఇద్దరు పిల్లల్ని చెరో సగం అతికించినట్టున్నావు" అంది.

బాబాయి సంగతంతా చెప్పాడు. చక్రం కుడివైపు ఉంటుందని, డబ్బా ఎడమవైపని.

"అయితే దాన్ని అటుది ఇటు తిప్పండి."

"మాస్టారు అలా పెట్టించేరమ్మా. ఆయన లెక్క ఏదో ఉంటుంది. మనం తిప్పితే ఆయన్ని తప్పు పట్టినట్టవదూ?"

"తప్పు పట్టకుండా అడుగు."

అడగడానికి ఇద్దరం మాస్టారింటికి వెళ్లాం. మాస్టారి భార్య వేడివేడి అరటికాయ బజ్జీలు వేసి పెట్టారు.

"ఏంటండి ఇలా వచ్చేరు?" అన్నారు మాస్టారు.

"ఊరికేనండి. మీ పెరట్లో అరటిచెట్లు చూద్దామని" అన్నాడు బాబాయి.

"అలాగే చూడండి బాబూ."

చూశాం. గంటసేపు చూశాం. ఒక్కో గెలకి ఎన్ని అత్తాలున్నాయో, అత్తానికి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టి మరీ చూశాం. ఇంకో ప్లేటు బజ్జీలు తిని తిరిగొచ్చాం. నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లాం. అరటిచెట్లు బాగా ఎదిగాయని చెప్పి వచ్చాం. నోటితో అయ్యే పని కాదని బాబాయి ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మాస్టారి గొప్పతనం, మిగతా అరపేజీ వాళ్లింటిల్లిపాది ఆరోగ్యం. రాడ్డు అన్న మాటే లేదు. అది చదివి మాస్టారు కళ్లు తుడుచుకుని, మాకో అరటిగెల పంపారు.

అలా ఇరవై రోజులు పోయాయి. గెల అయిపోయిన రోజు మామ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, నేరుగా కొట్టులోకి నడిచింది. అంతకుముందు ఏ ఆడమనిషీ అందులో అడుగు పెట్టలేదు. వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏవయ్యా మాస్టారూ, ఈ ఇనపకమ్మి అటుది ఇటు తిప్పితే మీకేవన్నా ఇబ్బందా?"

మాస్టారు కంగారుగా చేతులు కట్టుకున్నారు. "నాకేం ఇబ్బందండి. స్వామి ముందు కుడివైపే బరువుండాలని మీవాళ్ల ఆచారం ఏదైనా ఉందేమోనని నేనే ముట్టుకోలేదండి. మీ దేవుడి విషయంలో నేను చెప్తే బాగోదు గదండీ. మొదటి రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను."

"మా ఆచారమేంటండి?" బాబాయి గొంతు పీలగా వచ్చింది. "మీరు పెట్టించింది గదండీ మాస్టారూ. మీ డ్రిల్లు లెక్కేదో ఉంటుందని మేం..."

"నేను పెట్టించలేదండి. నేనొచ్చేసరికి అలాగే ఉంది."

"మరి పెట్టిందెవరు?" అంది మామ్మ.

ఒక్కొక్కరే రాడ్డు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, రాడ్డు తెచ్చిన ఎడ్లబండి ఆ రోజు తలుపుకి ఆ పక్కన ఆగింది. ఏ చివర ముందు దిగితే అటు పడేసి బండి అతను వెళ్లిపోయాడు. ఊరి కుర్రాళ్లందరి భుజాల సంగతీ అతని ఎడ్లు తేల్చేశాయి.

ఇద్దరు పట్టుకుని రాడ్డు తిప్పారు. రెండుసార్లు దగ్గినంత సేపు పట్టింది.

ఆ తర్వాత ఇరవై రోజులు మాస్టారు రెండు పూటలా వచ్చారు. ఆదివారం ఆయన ఎప్పుడూ వచ్చేవారు కాదు; ఆ మూడు ఆదివారాలూ చర్చి అవగానే తెల్లబట్టలతోనే వచ్చేశారు. బాబాయి ఎడమ భుజం మీద బరువు తీసుకుని, పది లెక్కపెడుతూ ఎత్తి, ఇరవై లెక్కపెడుతూ దించేవాడు. మాస్టారు పక్కన నిలబడి, తనే ఎత్తుతున్నట్టు పళ్లు బిగించేవారు. మామ్మ చేపల పులుసు, గుడ్లు, పెరుగన్నం వరసగా ఆ భుజం కోసమే వడ్డించేది. "ఇది ఎడమవైపుకి పంపు" అంటూ ముద్ద పెట్టేది. కాలవ గట్టున ఇసకలో, గుండు పడాల్సిన చోట కొబ్బరి ఈనె పాతాం. మొదటి రోజు గుండు ఆ ఈనెకి మంచం పొడుగంత ఇవతల పడింది. వారం తిరిగేసరికి గజం ఇవతల. తర్వాత మూరెడు. బయల్దేరే ముందు సాయంత్రం పదిసార్లు విసిరితే రెండుసార్లు ఈనె దాటింది. రెండోసారి దాటినప్పుడు మాస్టారు వెళ్లి ఆ ఈనె పీకి, జేబులో పెట్టుకున్నారు.

బాబాయి తెల్లారి బస్సెక్కి రావులపాలెం మీదుగా వెళ్లాడు. మర్నాడు సాయంత్రం మాస్టారూ నేనూ బస్సు ఆగే చోట నిలబడ్డాం. మాస్టారు సైకిలు పట్టుకుని మూడు బస్సులు చూశారు. నాలుగో బస్సులోంచి బాబాయి దిగాడు. దిగిన తీరుకే తెలిసిపోయింది.

"ఎంతలో పోయిందండి?" అన్నారు మాస్టారు.

"బెత్తెడండి."

"బెత్తెడా."

"ఆయ్. మూడో విసురు. ఆ కొలిచినాయన టేపు మళ్లీ ఒకసారి లాగి చూసేరండి, పాపం. ఆయనకి కూడా బాధనిపించింది."

నడుస్తున్నాం. సైకిలు మాస్టారి చేతుల్లోంచి నేను తీసుకున్నాను. చాలా దూరం వెళ్లాక మాస్టారు అన్నారు: "ఇంకొన్నాళ్లు ముందు తిప్పుంటే అయిపోయేదండి. నేను అడగాల్సింది."

"మీరలా అనుకోకండి మాస్టారూ. నేనడగాల్సింది. మీకు తెలియదు, నాకు తెలియదు. ఎవరికీ తెలియందానికి ఎవరేం చేస్తారండి."

వాళ్ల వెనక సైకిలు తోసుకుంటూ నేను నడిచాను. ఎంత బరువైన సైకిలో అది.

నాకు తెలుసు. రాడ్డు వచ్చిన రెండో నెల నుంచే తెలుసు. కుడి భుజం లాగుతోందని ఒకరోజు ఎవరూ రాకముందే వెళ్లి, రాడ్డుని దిమ్మల మీంచి నేలకి దొర్లించి, డబ్బా ఉన్న చివర పట్టుకుని గడియారం ముల్లులా ఈడ్చి తిప్పాను. ఎడమ భుజంతో ఎత్తి చూశాను. హాయిగా ఉంది. మళ్లీ యథాస్థానానికి ఈడ్చి, దిమ్మలెక్కించి, మట్టినేల మీద పడ్డ గీత కాలితో చెరిపేశాను. అప్పటినుంచి వారానికి మూడు రోజులు అదే పని. ఎవరికీ చెప్పలేదు. ఊరంతా ఒక పక్కకి ఒరిగిపోతుంటే నేనొక్కణ్నే నిటారుగా కనిపించాలని. పదిహేనేళ్లవాడికి అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది. మామ్మ నూనె రాసిన రోజు నేను అక్కడే గుమ్మంలో ఉన్నాను. 'తిప్పితే ఏం కాదు బాబాయ్, నేను తిప్పాను' అని ఒక్క ముక్క అనుంటే ఆ పూటే రాడ్డు తిరిగేది. అనకుండా బాబాయి వెంట వెళ్లి అరటిచెట్లు లెక్కపెట్టి, బజ్జీలు తిన్నాను. నా బజ్జీలకి ఇరవై రోజులు పట్టాయి. ఇరవై రోజులకి బెత్తెడు ఎంత.

ఆ మర్నాడు బాబాయి కమ్మటంలో గునపం ముందు నిలబడ్డాడు. నాన్నగారు ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన ఇంకా పెద్ద గొంతుతో చేసేవారు. మాస్టారు ఇంకో రెండేళ్లు వచ్చి, బదిలీ మీద కొత్తపేట వైపు వెళ్లిపోయారు. కొట్టు పైకప్పు ఒక తుఫానుకి లేచిపోయింది. స్వామి బొమ్మ వానకి కరిగింది. రాడ్డుని ఎవరో పాత ఇనపసామానులోకి వేశారు. బాబాయి జీవితమంతా కొబ్బరికాయలు వలిచాడు, ఎడంచేతి వాటంగా, అందరికంటే వేగంగా. నాలుగేళ్లయింది ఆయన పోయి.

పోవడానికి ఏడాది ముందు ఒక సాయంత్రం వెళ్లాను. కమ్మటంలో ఆయనొక్కడే ఉన్నాడు. పక్కన డొక్కలు మనిషెత్తు గుట్ట. ఆయన చొక్కా విప్పి కూర్చున్నాడు. గోలీసోడా తాగుతూ కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. నేను కూడా ఉక్కకి చొక్కా విప్పాను. బాబాయి నన్ను ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు.

"ఒరేయ్, మేవంతా అలా ఒరిగిపోయేం గదా. నీ భుజాలు మాత్రం రెండూ సమంగా ఎలా వచ్చేయిరా?"

ముప్పై ఏళ్ల పైచిలుకు నాలో పెట్టుకున్న మాటని ఓ గుక్క సోడాతో మింగేశాను.

"పుట్టుకతోనే బాబాయ్."

బాబాయి సోడా ఆఖరి గుక్క తాగాడు. సీసా పక్కన పెట్టాడు. ఇంకో కాయ తీసుకుని, గునపం మీద ఒక్క పోటు పొడిచి, మెలితిప్పాడు. పీచు చీలిన చప్పుడు.

"అయ్యుంటుందిలే" అన్నాడు. "మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గేయా?"

మా ఊళ్లో అంతకంటే గట్టిగా ఎవరూ ఎవర్నీ అడగరు.